మీసాల ఈగ

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగం మొక్కలను గురించీ, తక్కిన సగం ఆ మొక్కల మీద వాలేవాటిని గురించీ వుంటాయి. కిందటి నెల వచ్చినవాటిలో ఒకటి అందరికీ పనికివచ్చేదిగా మాకు తోచింది. జయనగరం నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు:

“మా పెరటిలో చిక్కుడు పందిరి కర్ర మీద కందిరీగ వంటి పొడుగాటి పురుగు ఒకటి రోజూ వచ్చి కూచునేది. ఒకనాడు దాని కాళ్ళ సందున చచ్చిన తేనెటీగ కనబడింది. మావారు అది జోరీగ అన్నారు. పక్కింటివారు కందిరీగ అన్నారు. పిల్లలను కుడుతుందేమోనని భయపడి, మందు తెప్పించి పందిరీ పాదులూ అన్నిటి మీదా కొట్టించాము. పురుగు పోయింది గాని తేనెటీగలు కూడా రావటం మానేశాయి. ఈసారి గుమ్మడిపాదుకు పూతే గాని పిందె నిలవలేదు. ఇంతకూ అది ఏమిటండీ?”

ఉత్తరంతోబాటు వారి అబ్బాయి ఫోనులో తీసిన ఫొటో కూడా వచ్చింది గనుక మా పని తేలిక అయింది. అది జోరీగ కాదు, కందిరీగా కాదు. ఇంగ్లీషులో దాన్ని రాబర్ ఫ్లై అంటారు. ఈ మధ్య కొందరు శాస్త్రజ్ఞులు అసాసిన్ ఫ్లై, అంటే హంతక ఈగ, అని కూడా వ్రాస్తున్నారు. మేము ఈ పుటలో దోపిడి ఈగ అనుకుందాము.

ఆ సోదరి ఇంట్లోవారు పొరబడ్డారని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ప్రాణులకు శాస్త్రీయంగా పేర్లు పెట్టే పద్ధతిని నిలబెట్టిన స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1758లో ఈ జాతి ఈగలకు ‘ఆసిలస్’ అని పేరు పెట్టాడు. ఆ మాట లాటిను భాషలో పశువులను బాధించే జోరీగకు పేరు. ఆయన వర్ణించినవాటిలో ఐరోపాలో వుండే ఒక పెద్ద ఈగకు ‘ఆసిలస్ క్రాబ్రోనిఫార్మిస్’ అని పేరు. అంటే కందిరీగ రూపంలో వుండే జోరీగ అన్నమాట! మావారు చెప్పినదీ, పక్కింటివారు చెప్పినదీ రెండూ ఆ ఒక్క పేరులోనే వున్నాయి. ఆ ఆసిలస్ పేరు మీదనే ఈ ఈగల కుటుంబం మొత్తానికి ‘ఆసిలిడే’ అని పేరు వచ్చింది. పేరు జోరీగది, రూపం కందిరీగది, ప్రాణి మాత్రం వేరు.

అయితే వేరని గుర్తుపట్టటం ఎలా? భూతద్దం వుంటే మంచిదే. లేకపోయినా ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే చాలు. చూడవలసినవి నాలుగు గుర్తులు.

మొదటిది రెక్కల లెక్క. కందిరీగకూ తేనెటీగకూ రెక్కలు నాలుగు. ముందు రెక్కకు వెనుక రెక్క సన్నని కొక్కేలతో తగులుకొని వుంటుంది కాబట్టి చూపుకు రెండే అనిపిస్తాయి. ఈగకు నిజంగానే రెండు రెక్కలు. వెనుక జత వుండవలసిన చోట గుండుసూది తలవంటి బొడిపెలు రెండు వుంటాయి. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసేవి అవే.

రెండవది కళ్ళ నడుమ పల్లం. ఇది అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు. దోపిడి ఈగను ఎదురుగా చూస్తే రెండు పెద్ద కళ్ళూ గుట్టల్లా పైకి లేచి, వాటి నడుమ నడినెత్తిన గరిటెతో తీసినట్టు గుంట పడి వుంటుంది. ఆ గుంటలో చిన్న తిన్నె మీద మూడు చిన్న కళ్ళు వేరే వుంటాయి. జోరీగ కళ్ళు కూడా పెద్దవే గాని వాటి నడుమ ఇట్లాంటి గుంట వుండదు.

మూడవది మీసం. ముఖాన నోటికి పైగా బిరుసు వెంట్రుకలు గుత్తిగా నిలబడి వుంటాయి. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన ‘మిస్టాక్స్’ అనే పేరు గ్రీకుమాట. దాని అర్థం మీసమే. మన తెలుగులో మీసం, మన వీధిలో కన్నడంవారికి మీసె. పట్టిన పురుగు గిలగిల కొట్టుకునేటప్పుడు దాని కాళ్ళూ కొండీ ముఖానికి తగలకుండా ఈ మీసం కాపు కాస్తుందని చెబుతారు.

నాలుగవది నోరూ కాళ్ళూ. నోరు పొట్టిగా, గట్టిగా, బాకులా ముందుకు పొడుచుకొని వుంటుంది. కాళ్ళు బలమైనవి, ముళ్ళవంటి బిరుసు వెంట్రుకలతో నిండి వుంటాయి. పట్టిన పురుగుకు అవే పంజరం.

ఈ నాలుగూ కుదిరితే అది దోపిడి ఈగే. రంగునూ లావునూ ముందుగా చూడరాదు. ఎందుకంటే ఈ కుటుంబంలో అర సెంటీమీటరు లేనివి మొదలు ఆరు సెంటీమీటర్ల దాకా వున్నాయి. లోకంలో ఇంతవరకు పేర్లు పెట్టినవే 7,500 జాతులకు పైబడి వున్నాయి. నల్లవి, బూడిద రంగువి, పసుపు చారలవి, ఎర్రతోకవి, అన్నీ వున్నాయి.

పైగా వీటిలో పగటి వేషగాళ్ళు కొందరున్నారు. వెనుకటి రోజుల్లో పగటి వేషాలవాళ్ళు వీధిలోకి వస్తే, అమీను వచ్చాడని నిజంగానే భయపడి లోపలికి పోయినవాళ్ళు వుండేవారట. ఇదీ అంతే. ‘లాఫ్రియా’ అనేవి ఒళ్ళంతా వెంట్రుకలతో అచ్చంగా పెద్ద తేనెటీగలా వుంటాయి. మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ వుండే ‘హైపరెకియా’ అనేవి నల్లతుమ్మెద వేషం వేస్తాయి. దూలాలలోనూ ఎండుకొయ్యలోనూ తొలిచి గూడు పెట్టే ఆ తుమ్మెద పిల్లపురుగులనే హైపరెకియా పిల్లపురుగులు తింటాయి. కుట్టే పురుగు వేషం వేసుకుంటే పక్షులు జోలికి రావు, అది ఒక లాభం. ఎంత వేషం వేసినా రెక్కలు నాలుగు కావు, కళ్ళ నడుమ గుంట పూడదు. వేషాన్ని చూసి మోసపోకుండా వుండటానికే ఈ గుర్తులు.

ఇక ఆ సోదరి భయం సంగతి. దోపిడి ఈగ మనుషుల రక్తమూ పశువుల రక్తమూ తాగదు. రోగాలు మోయదు. మనమీదికి తనంతట తాను రాదు. అయితే వేళ్ళతో గట్టిగా పట్టుకుంటే పొడుస్తుంది, బాగా నొప్పి పెడుతుంది. కాబట్టి పిల్లలకు చెప్పవలసిన మాట ఒక్కటే, చూడండి గాని పట్టుకోకండి అని.

చూడతగ్గ వేటే అది. ఎండ పడేచోట ఒక పుల్ల చివరనో రాతి మీదనో కూచుని, దారిన పోయే ప్రతి పురుగు వైపూ తల తిప్పి చూస్తుంది. నచ్చినది కనబడగానే బాణంలా లేచి గాలిలోనే పట్టి, నోటి బాకుతో మెడ దగ్గరో ఒంటి అతుకుల దగ్గరో పొడుస్తుంది. పొడిచి లోపలికి ఎక్కించే ఉమ్మికి రెండు గుణాలు. ఒకటి పురుగును కదలకుండా చేస్తుంది. రెండవది లోపలి మాంసాన్ని నీరు చేస్తుంది. తరువాత మళ్ళీ తన పుల్ల మీదికి వచ్చి తీరికగా కూచుని ఆ రసం పీల్చుకుంటుంది. మిడుతలు, పెంకుపురుగులు, ఈగలు, కందిరీగలు, తూనీగలు, చివరికి తనవంటి దోపిడి ఈగలు, దానికి అన్నీ ఒకటే.

మరి తేనెటీగలను చంపుతుంది గదా, అది నష్టమే గదా అంటారు. ఇక్కడ జమాఖర్చు రెండు వైపులా చూడాలి. దక్షిణ అమెరికాలో, అర్జెంటీనా దేశపు మైదానాలలో ‘మాలోఫోరా రూఫికాడా’ అనే దోపిడి ఈగ వున్నది. అది తేనెటీగలను విపరీతంగా పడుతుంది. అక్కడి తేనెటీగల పెంపకందార్లకు అది పెద్ద బాధ. ఖర్చు కింద ఇది వ్రాసుకోండి. అదే ఈగ ఎత్తయిన గడ్డిపరకల మీద గుడ్లు పెడుతుంది. పొదిగి వచ్చిన పిల్లపురుగులు గాలికి నేల మీద పడి, మట్టిలోకి దూరి, పంటల వేళ్ళు కొరికే తెల్లని వేరుపురుగును వాసన బట్టి వెదికి పట్టుకుని, దాన్ని తిని పెరుగుతాయి. జమ కింద ఇది వ్రాసుకోండి. తేనె పెట్టెలవాడికి శత్రువు, పొలంవాడికి మిత్రుడు, రెండూ ఒకే ప్రాణి.

అన్ని జాతులకూ ఇదే లెక్క సరిపోతుందని కాదు. కాని ఈ కుటుంబంలో పిల్లపురుగులు చాలావరకు మట్టిలోనో పుచ్చిన కొయ్యలోనో వుంటూ ఇతర పురుగుల పిల్లలను తిని బతికేవే. పెరటిలో ఒకటి రెండు దోపిడి ఈగలు తీసుకుపోయే తేనెటీగలు పది వేళ్ళ లెక్కలో వుంటాయి. మందు కొట్టిననాడు పోయేవాటికి లెక్క లేదు. గుమ్మడి మగపూల పుప్పొడిని ఆడపూలకు చేర్చేవి తేనెటీగలే గనుక, అవి రాకపోతే పూత వుంటుంది, పిందె వుండదు. ఆ సోదరి పాదుకు జరిగినది ఇదే అయి వుంటుంది. కొన్నాళ్ళు మందు మానితే తేనెటీగలు తిరిగిరావచ్చు. అప్పటిదాకా పొద్దున్నే విచ్చిన మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా రాస్తే పిందె నిలుస్తుంది.

దోపిడి ఈగ అని గుర్తుపట్టాము, సరే. అందులో ఏ రకం? శాస్త్రజ్ఞులు ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు పెడతారు. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. మన తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. ముందు ఇంటిపేరు, తరువాత అసలు పేరు, అంతే గదా! ప్రజాతులు కొన్ని కలిస్తే ఉపకుటుంబం, అవన్నీ కలిస్తే కుటుంబం.

ఇంట్లో వుండి చూసేవారికి పాతకాలపు నాలుగు వాటాలు చాలునని మా అభిప్రాయం.

ఒకటి, లెప్టోగాస్టర్ వాటా. దారప్పోగులా సన్నని ఒళ్ళు, పొడుగాటి కాళ్ళు. గడ్డిలో, పొదలలో నెమ్మదిగా తేలుతూ తిరుగుతాయి.

రెండు, లాఫ్రియా వాటా. బొద్దుగా, వెంట్రుకలతో వుంటాయి. పడిపోయిన మానుల మీద కూచుంటాయి. మనం చెప్పుకున్న పగటి వేషగాళ్ళు ఎక్కువగా ఇక్కడివారే.

మూడు, ఆసిలస్ వాటా. పొడుగాటి ఒళ్ళు, చివరకు పోనుపోను సన్నబడే తోక. మీసంతోబాటు ముఖాన వుండే పొట్టి కొమ్ముల చివర సన్నని వెంట్రుక వుంటుంది. మన దేశంలో కనబడే ప్రొమాకస్, ఫిలోడికస్, ఒమ్మాషియస్ ప్రజాతులు ఈ వాటాలోవే. ఒమ్మాషియస్‌కు ఆ కొమ్ము చివరి వెంట్రుక ఈకలా చీలి వుంటుంది.

నాలుగు, డాసిపోగన్ వాటా. దీనికి రెక్క చూడాలి. రెక్క ముందు అంచు దగ్గర నరాల నడుమ పొడుగాటి గడి ఒకటి వుంటుంది. లాఫ్రియా, ఆసిలస్ వాటాలలో ఆ గడి అంచు చేరకముందే మూసుకుపోతుంది. డాసిపోగన్ వాటాలో అంచుదాకా తెరిచి వుంటుంది. మన దేశపు దోపిడి ఈగలలో పెద్దవైన మైక్రోస్టైలమ్ ఇక్కడిది. ఏటి ఇసుక మీద కూచునే చిన్న బూడిదరంగు స్టికోపోగన్‌ను కూడా పూర్వం ఇక్కడే చేర్చేవారు.

‘పూర్వం’ అన్నాము గదా, కారణం వున్నది. ఈ వాటాలు నిలకడగా వుండలేదు. 1962లో ఫ్రాంక్ హల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రపంచంలోని దోపిడి ఈగల ప్రజాతులను గురించి 900 పుటలు మించిన గ్రంథం వెలువరించారు. 1968లో మార్టిన్ అనే ఆయన, లెప్టోగాస్టర్ వాటా అసలు ఈ కుటుంబమే కాదు, వేరింటి కాపురం అని వ్రాశారు. తరువాతివారు దాన్ని మళ్ళీ ఈ ఇంటికే తీసుకువచ్చారు. నాలుగవ వాటా అనేక ముక్కలయింది. 2009లో టోర్‌స్టెన్ డికో అనే శాస్త్రజ్ఞుడు 150కి పైగా జాతులను తీసుకుని, 200కు పైగా లక్షణాలు పోల్చి, కుటుంబాన్ని 14 ఉపకుటుంబాలుగా పంచారు.

మా కచేరీలో మాతోబాటు పనిచేసే ఒక మిత్రుడు ఇదంతా విని, “ఏమండీ, వాళ్ళకే ఒక మాట మీద నిలకడ లేనప్పుడు మనకెందుకండీ ఈ గొడవ?” అన్నారు. మేము ఆయనకు చెప్పిన జవాబు ఇది. ఒక దస్త్రం ఈ ఏడు రెవెన్యూ బీరువాలో వుంటుంది, వచ్చే ఏడు పైవారు దాన్ని మరో బీరువాకు మారుస్తారు. బీరువా మారినంత మాత్రాన దస్త్రంలోని కాగితం మారదు. దాని మీద తేదీ వున్నది, ఊరు వున్నది, సంతకం వున్నది. ఆ మూడూ లేని కాగితమే ఏ బీరువాకూ పనికిరాదు.

దోపిడి ఈగల చరిత్రలోనూ అదే జరిగింది. రెండు వందల ఏళ్ళ కిందట మన దేశం నుంచి ఓడల మీద ఐరోపాకు పోయిన పురుగులు ఎన్నో. లిన్నేయసు శిష్యుడు ఫాబ్రీషియస్, డేన్మార్కువారి రేవుపట్టణమైన తరంగంబాడి నుంచి వచ్చిన పురుగులకు చాలావాటికి పేర్లు పెట్టాడు. ఆ కాలపు కొన్ని చీటీల మీద ఊరి పేరు వున్నది. మరికొన్నిటి మీద ‘తూర్పు ఇండియా’ అని మాత్రమే వున్నది. ఊరున్న చీటీ పట్టుకుని ఈనాటికీ తంజావూరు తీరానికి పోయి, ఆ ప్రాణి ఇంకా వున్నదా అని వెదకవచ్చు. రెండవ చీటీ పట్టుకుని ఎక్కడికి పోవాలి?

20వ శతాబ్దం మొదటి భాగంలో జెర్ట్రూడ్ రికార్డో అనే ఆంగ్ల వనిత జోరీగల మీదా దోపిడి ఈగల మీదా కూడా పనిచేసి, మన ప్రాంతాలవాటిని ఎన్నిటినో వర్ణించారు. తరువాత 1916లో కలకత్తాలో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన జోసెఫ్, పారుయి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి శ్రమించి, 1998లో భారతదేశపు దోపిడి ఈగలపై గ్రంథం మొదటి భాగం తెచ్చారు. ఇంతమంది పని చేయగలిగింది ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పురుగును చూసి, చీటీ సరిగా వ్రాయబట్టే.

కాబట్టి పిల్లలకు మా సలహా. వానలు వెలిసి ఎండ కాసే రోజులలో పెరటిలో గాని, లాల్‌బాగులో గాని, చెరువుగట్టున గాని ఎండుపుల్లల కొనలు చూడండి. దోపిడి ఈగ కనబడితే చంపనక్కరలేదు, పట్టనక్కరలేదు. మూడు ఫొటోలు తీయండి. ఒకటి ఎదురుగా, కళ్ళ నడుమ గుంటా మీసమూ కనబడేట్టు. ఒకటి పక్కనుంచి, తోకా కాళ్ళూ కనబడేట్టు. ఒకటి పైనుంచి, రెక్కల నరాలు కనబడేట్టు. ఆ పక్కన తేదీ, వేళ, ఊరు, అది కూచున్న చోటు, నోట ఏమి పట్టుకున్నదో వ్రాయండి. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వుంచండి. తోచిన పేరు పెట్టేయటం కన్నా ఖాళీ గడి మేలు. తెలిసినవారు చూసి ఎప్పటికైనా నింపుతారు. మన బెంగుళూరులోనే హెబ్బాళ దగ్గర వ్యవసాయానికి సంబంధించిన కీటకాల జాతీయ సంస్థ వున్నది. వేలకొలది పురుగులను చీటీలతో సహా భద్రపరిచే చోటు అది. పిల్లల్లో ఎవరికైనా ఈ పని మీద మనసు పోతే, రేపు దారి చూపగలవారు అటువంటిచోట వుంటారు.

పెద్దలకు వేరే సలహా ఇచ్చేంతటి వారము కాము. పెరటిలో కొత్త ప్రాణి కనబడ్డప్పుడు మందు డబ్బా తెరిచేముందు రెక్కలు రెండా నాలుగా అని ఒక్కసారి లెక్కపెట్టమని మాత్రం కోరుతున్నాము.

వచ్చే నెల ఈ పుటలో, మీరు పంపిన ఫొటోలలో ఏది ఏ వాటాలోదో చూద్దాము. పంపేవారు తేదీ, ఊరు వ్రాయటం మరువకూడదు.